పోపులపెట్టెలో డాలర్లు

మా అమ్మమ్మ పోపులపెట్టెలో ఆవాల గిన్నె కింద ఎప్పుడూ నాలుగు మడతలు పెట్టిన నోట్లు ఉండేవి. కూరల డబ్బులోంచీ పాల డబ్బులోంచీ పావలా అర్ధా మిగిల్చి దాచినవి. తాతయ్యకి తెలియదని ఆవిడ నమ్మకం. ఆయనకి తెలుసుననీ, ఆపదొస్తే ఆదుకునే బ్యాంకు అదొక్కటేనని ఎరిగే ఊరుకున్నారనీ ఆయన పోయాక గాని మాకు తెలిసిరాలేదు.

జపాను ఆడవాళ్ళకీ ఇలాంటి పోపులపెట్టె ఉంది. అక్కడ ఆ డబ్బుకి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు, హెసొకురి అని. నారదారం ఉండ చుట్టడం అనే మాటలోంచి పుట్టిందంటారు. అయితే మనకీ వాళ్ళకీ ఒక తేడా. మన ఇళ్ళల్లో మొగుడు ఇంటిఖర్చుకి ఇంత అని లెక్కకట్టి పెళ్ళాం చేతిలో పెట్టడం ఎక్కువ. యుద్ధం తర్వాతి జపానులో నెలజీతగాడు జీతం మొత్తం తెచ్చి భార్యకిచ్చేవాడు. సిగరెట్లకీ, మధ్యాహ్నం భోజనానికీ ఆవిడ అతనికి జేబుఖర్చు ఇచ్చేది! చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ ఆ పద్ధతే ఉంది. ఇంటి ఆర్థికమంత్రి ఇల్లాలే అన్నమాట. ఆ మంత్రిగారికి లెక్కల పుస్తకం కూడా ఉంది. జపాను తొలి మహిళా విలేఖరిగా పేరు పడ్డ హాని మోతోకో 1904లోనే ఇల్లాళ్ళ కోసం జమాఖర్చుల పుస్తకం అచ్చువేసింది. ఆ తర్వాత అలాంటి పుస్తకాలు ఇంటింటికీ చేరాయి.

అంత లెక్కగా బతికే ఆడవాళ్ళు డాలర్లు, పౌన్లు కొని అమ్మే వ్యాపారంలోకి ఎలా దిగారు? దిగినవాళ్ళు ఎక్కడ గెలిచారు, ఎక్కడ కాలు జారారు? ఈ కథ నన్ను చాలా రోజులుగా పట్టుకుని వదలడం లేదు. బి.ఏ.లో విదేశీ మారకం అధ్యాయం వదిలేసి పరీక్ష గట్టెక్కినదాన్ని నేను. కాబట్టి నాకు అర్థమైనంత మేరకే చెబుతాను, మీకూ అర్థమవుతుంది.

ముందు బియ్యం సంగతి. ఒసాకా నగరంలో దోజిమా అనే చోట బియ్యం బజారు ఉండేది. ఇంకా చేతికి రాని బియ్యాన్ని కాగితం మీద కొని అమ్మడం అక్కడ మామూలు. 1730లో ప్రభుత్వమే దానికి అనుమతి ఇచ్చింది. బియ్యం ధరకి ఏటేటా ఒక ఉయ్యాల ఊపు ఉంటుంది. కోతలప్పుడు దిగుతుంది, పాత గింజ అడుగంటే వేళకి ఎక్కుతుంది. మన అమ్మలు చింతపండూ మిరపకాయలూ వేసవిలో ఏడాదికి సరిపడా కొని జాడీల కెత్తేది ఈ లెక్క మీదే కదా. చవగ్గా ఉన్నప్పుడు కొను, ప్రియమైనప్పుడు కొనకు. ధర ఒక హద్దుకీ ఇంకో హద్దుకీ మధ్యనే తిరుగుతున్నంత కాలం ఇంతకన్నా గొప్ప తెలివి అక్కర్లేదు.

కాని 1782లో మొదలై ఆరేళ్ళు పట్టి పీడించిన తెన్మెయి కరువులో ధర ఆ హద్దులు దాటి పోయింది. ఇంత పెరిగింది కదా, ఇక దిగుతుంది అని గాదెలో గింజలు అమ్ముకున్నవాళ్ళు వాటినే ఇంకా ప్రియంగా కొనుక్కోవలసి వచ్చింది. 1787లో ఒసాకాలోనూ ఎదోలోనూ జనం బియ్యం కొట్లు పగలగొట్టారు.

ధరలకి ఈ రెండు స్వభావాలు ఉన్నాయి. చెరువులో నీళ్ళు అలలు లేచి ఈ గట్టూ ఆ గట్టూ తాకి వెనక్కి వస్తాయి. ఏటి నీళ్ళు మాత్రం పల్లానికి పోతూనే ఉంటాయి. ఇంగ్లీషులో మొదటిదాన్ని రేంజి అనీ, రెండోదాన్ని ట్రెండు అనీ అంటారు. జపాను వ్యాపారులకి వీటికి తగ్గ పందేలు రెండున్నాయి. ధర పడుతుంటే కొనడం, ఎగురుతుంటే అమ్మడం గ్యాకుబారి, అంటే ఎదురు పందెం. ధర ఎటు పోతుంటే అటే పోవడం జుంబారి. ఇల్లాలి బుద్ధికి మొదటిది పుట్టుకతో వచ్చినట్టుంటుంది. రెండోదాన్ని ఒప్పుకోవడమే కష్టం. నిన్న పదిరూపాయలున్న వంకాయని ఇవాళ పదిహేనుకి కొనమని ఎవరైనా అంటే మనం నవ్వమూ?

ఇక యెన్ సంగతికి వస్తే, 1949 నుంచి 1971 దాకా డాలరుకి 360 యెన్లు అని రేటు కట్టిపడేశారు. కదలని ధరతో వ్యాపారమేముంటుంది? 1971 ఆగస్టులో అమెరికా డాలరుకీ బంగారానికీ ఉన్న ముడి విప్పేసింది. 1973 ఫిబ్రవరి నుంచి యెన్ తేలడం మొదలుపెట్టింది. అయినా మామూలు మనుషులకి ఆ బజారు తలుపు మూసే ఉంది. విదేశీ మారకం చట్టం మార్చి 1998 ఏప్రిల్లో ఆ తలుపు తెరిచారు.

అది తెరుచుకున్న వేళ చూడండి. బ్యాంకుల్లో వడ్డీ ఎండిపోతున్న కాలం అది. కొన్నాళ్ళకి మామూలు పొదుపు ఖాతాలో వడ్డీ నూటికి 0.001 దాకా పడిపోయింది. లక్ష యెన్లు దాచుకుంటే ఏడాదికి ఒక్క యెన్ వడ్డీ! అదే సమయంలో ఆస్ట్రేలియాలో 2007 చివరికి వడ్డీ రేటు 6.75 శాతం, జపానులో 0.5. ఆస్ట్రేలియా డాలర్లు కొనిపెట్టుకుంటే ఆ తేడా ఏ రోజుకారోజు ఖాతాలో పడుతుంది. ధర పెరిగితే ఆ లాభం వేరే. పిల్లల్ని బడికి పంపి, గిన్నెలు తోమి, కంప్యూటరు ముందు కూర్చుంటే చాలు. ఇంగ్లీషు పత్రికలు వీళ్ళందరికీ కలిపి మిసెస్ వతనబె అని పేరు పెట్టాయి. వతనబె అక్కడ ఊరికి పదిమందికి ఉండే ఇంటిపేరు. నిజానికి ఆ వ్యాపారం చేసేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. పేరు మాత్రం ఇల్లాలి మీద పడింది. లాభమైతే చమత్కారంగా, నష్టమైతే వెక్కిరింతగా వాడుకోవడానికి ఆడపేరే వీలు కాబోలు!

వీళ్ళ పద్ధతి ఎదురు పందెం. యెన్ బలపడి ఆస్ట్రేలియా డాలరు చవకైతే కొనేవారు, మళ్ళీ ఎక్కాక అమ్మేవారు. 2007 వేసవిలో ఆ డాలరు 107 యెన్ల పైన ఉంది. ఆగస్టులో అమెరికా ఇళ్ళ అప్పుల గొడవ బయటపడి, నెల తిరక్కుండా 86 ప్రాంతానికి దిగింది. పెద్ద పెద్ద సంస్థలు బెదిరాయి. చవగ్గా వచ్చిందని కొన్నవాళ్ళకి రెండు మూడు నెలల్లోనే ధర మళ్ళీ 107కి వచ్చి కనబడింది. వెయ్యి డాలర్లు 90 చొప్పున కొని 100కి అమ్మినా పదివేల యెన్లు మిగులు. 2008 మార్చిలో మళ్ళీ 88 దాకా దిగింది, జులై నాటికి మళ్ళీ 104. రెండుసార్లు గట్టు తాకింది, రెండుసార్లు వెనక్కి వచ్చింది. 2007లో జపాను కేంద్ర బ్యాంకు విధాన మండలి సభ్యుడు కియోహికో నిషిమురా అయితే, మారకం బజారుని నిలకడగా ఉంచుతున్నది టోక్యో గృహిణులేనన్న అర్థం వచ్చేట్టు మాట్లాడారు కూడా. నిజమే మరి. అందరూ అమ్ముతుంటే కొనేవాళ్ళూ, అందరూ కొంటుంటే అమ్మేవాళ్ళూ ఉన్నప్పుడు అలలు పెద్దవి కావు.

అక్కడే మెలిక ఉంది. రెండుసార్లు సరైన జవాబు చెప్పిన మనిషికి మూడోసారి ప్రశ్న మారిందన్న అనుమానం రాదు.

2008 సెప్టెంబరు 15న అమెరికాలో లీమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆస్ట్రేలియా డాలరు మళ్ళీ 88 దరిదాపులకి వచ్చింది. పాత గట్టే! కొన్నారు. 80కి వచ్చింది. ఇంకా చవక కదా అని మళ్ళీ కొన్నారు. 70. అక్టోబరు చివరివారంలో 55. మూడు నెలల్లో ధర దాదాపు సగం. కారణం ఏమిటంటే, ప్రపంచమంతా వడ్డీ తక్కువని యెన్లు అప్పు తెచ్చి ఇతర దేశాల్లో పెట్టింది. భయం పుట్టగానే ఆ అప్పు తీర్చడానికి అందరూ ఒక్కసారే యెన్లు కొనడం మొదలుపెట్టారు. ఎదురు పందెం వేసిన గృహిణి ఎంతమందికని ఎదురు నిలుస్తుంది? కట్ట తెగింది, చెరువు ఏరైంది.

పైగా ఆ వ్యాపారంలో సొంత డబ్బుతోనే కొనాలని లేదు. కొంచెం ధరావతు కడితే దానికి ఎన్నో రెట్లు కొననిస్తారు. డాలరు 100 యెన్లున్నప్పుడు లక్ష యెన్ల ధరావతు మీద పది రెట్లు, అంటే పదివేల డాలర్లు కొన్నారనుకోండి. పది యెన్లు దిగితే ఆ లక్షా చెల్లు. వంద రెట్లు కొంటే ఒక్క యెన్ దిగితే చాలు. ఆ రోజుల్లో వంద రెట్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఇచ్చేవారు. 88 దగ్గర పది రెట్లు కొన్నావిడ 79 దగ్గరే తుడిచిపెట్టుకుపోతుంది. రెండే రెట్లతో ఆగినావిడ ఖాతా 55 దగ్గర కూడా చిక్కి శల్యమై అయినా బతికే ఉంటుంది. ఇంకో చేదు సంగతి. 2013 ఏప్రిల్లో ఆ డాలరు మళ్ళీ 105కి వచ్చింది. నాలుగున్నరేళ్ళ తర్వాత! దిగింది మళ్ళీ ఎక్కుతుందన్న ఇల్లాలి మాట అబద్ధం కాలేదు. ఆ మాట నిజమయ్యే దాకా ఖాతా బతకలేదు, అంతే. జపాను ప్రభుత్వం 2010 ఆగస్టులో 50 రెట్లకి మించరాదనీ, 2011 ఆగస్టులో 25 రెట్లకి మించరాదనీ ఆంక్ష పెట్టింది.

అయితే ఎప్పుడూ ధర పోయేవైపే పోతే సరిపోతుందా? అదీ కాదు. షికాగోలో రిచర్డ్ డెన్నిస్ అనే వ్యాపారి జుంబారి మనిషి. ధర కొత్త ఎత్తుకి ఎక్కితే కొనడం, కొత్త పల్లానికి దిగితే అమ్మడం అతని విద్య. ఈ విద్య నేర్పితే వస్తుందా, పుట్టుకతో రావాలా అని స్నేహితుడితో పందెం కాసి, 1983లో అనుభవం లేనివాళ్ళని పోగుచేసి రెండు వారాల్లో నేర్పాడు. వాళ్ళల్లో కొందరు బాగా గడించారు కూడా. కాని గురువుగారే 1987, 88లలో పెద్ద నష్టాలు తిని కొన్నాళ్ళు తప్పుకున్నాడు. ఏటికి తగ్గ విద్య చెరువులో పనికిరాదు. గట్టు దాటిందని కొంటే వెనక్కి వస్తుంది, దిగిందని అమ్మితే మళ్ళీ ఎక్కుతుంది. ప్రతిసారీ కొంచెం కొంచెం పోతుంది. ఎదురు పందెం చాలాసార్లు కొద్దికొద్దిగా ఇచ్చి ఒకేసారి లాక్కుంటుంది. వాలు పందెం చాలాసార్లు కొద్దికొద్దిగా తిని ఎప్పుడో ఒకసారి కుప్పపోస్తుంది. దేన్ని భరించగలరన్నది మనిషి స్వభావాన్ని బట్టి.

మరి చెరువో ఏరో ముందుగా తెలిసేదెట్లా? వెల్స్ వైల్డర్ అనే అమెరికన్ 1978లో ఒక పుస్తకం రాశాడు. చదివింది మెకానికల్ ఇంజనీరింగు, చేసింది స్థలాల వ్యాపారం. చమత్కారమేమిటంటే, చెరువుకి పనికొచ్చే కొలతా, చెరువో ఏరో చెప్పే కొలతా రెండూ ఆ ఒక్క పుస్తకంలోనే ఉన్నాయి. మొదటిది ఆర్.ఎస్.ఐ. అది 30 కన్న తక్కువైతే ధర మరీ కుంగిందనీ, 70 దాటితే మరీ పొంగిందనీ గుర్తు. రెండోది ఏ.డి.ఎక్స్. ఎటు పోతోందో చెప్పదు, ఎంత వడిగా పోతోందో చెబుతుంది. 20 లోపుంటే చెరువనీ, 25 దాటితే ఏరనీ వాడుకలో లెక్క. మొదటి కొలత ఒక్కటే పట్టుకుని రెండోదాన్ని చూడకపోతే 2008లో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 30 లోపు అన్న గుర్తు రోజుల తరబడి కొనమంటూనే ఉంటుంది, ధర దిగుతూనే ఉంటుంది.

కాని రెండో కొలతా జ్యోతిషం కాదు. వెనకటి పధ్నాలుగు రోజులు చూసి చెప్పేది కాబట్టి కట్ట తెగిన రోజున దానికి తెలియదు. నాలుగైదు రోజులు పోయాక తెలుస్తుంది. అందుకని తెలివిగలవాళ్ళు దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడరు. చెరువులో ఉన్నామనుకుంటే గట్టు దగ్గర కొంటారు. గట్టుకి కాస్త కిందుగా, అక్కడికి వస్తే నష్టానికి అమ్మెయ్యి అని ముందే ఆజ్ఞ ఇచ్చి ఉంచుతారు. దాన్ని స్టాప్ లాస్ అంటారు. అవతలి గట్టు రాకముందే లాభం తీసుకుంటారు, అత్యాశకి పోరు. గట్టు తెగిందని తెలిసిన రోజున పాత పద్ధతి అటకెక్కించి కొన్నాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటారు. మళ్ళీ దిగితే ధర పోయే వైపుకే, తక్కువ మొత్తంతో దిగుతారు. ఈసారి ఇక్కడ అమ్మేస్తానని ముందుగా ధర పెట్టుకోరు. ఆ స్టాప్ ఆజ్ఞని మాత్రం ధర వెనకాలే జరుపుకుంటూ పోతారు. వినడానికి ఇంతే. చెయ్యడంలో కష్టమంతా చేతులు కట్టుకుని కూర్చోవడంలో ఉంది. నష్టానికి అమ్మడం అంటే తప్పు చేశానని ఒప్పుకోవడం. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దాచిన డబ్బు పోయినప్పుడు ఆ ఒప్పుకోలు వినేవాళ్ళు కూడా ఉండరు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2019 మొదట్లో పది గ్రాముల బంగారం 32 వేల ప్రాంతంలో ఉండగా మా వదిన మనవరాలి గాజుల కోసం కొట్టుకి వెళ్ళి, "ఇంత రేటా! కాస్త తగ్గనివ్వు, అప్పుడు కొందాం" అని తిరిగొచ్చింది. 40 వేలప్పుడూ అదే మాట, 60 వేలప్పుడూ అదే మాట. 2025 ఏప్రిల్లో లక్ష దాటింది. ఆవిడ లెక్క తప్పని నేననను. అంతకుముందు ఏళ్ళ తరబడి ధర ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడు అదే మాట మీద నిలబడి రెండు గొలుసులు చవగ్గా కొన్న మనిషి ఆవిడ.

ఇది చదివి ఎవరైనా ఫోనులో కనిపించే ప్రకటన చూసి డాలర్ల వ్యాపారానికి డబ్బు పంపేరు సుమండీ! మన దేశంలో గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీల్లో, అనుమతి ఉన్న కరెన్సీల్లో తప్ప అది నేరం. రిజర్వు బ్యాంకు 2022లో అనుమతి లేని వాటి పేర్లతో హెచ్చరిక జాబితా కూడా వేసింది.

జపానులో కట్ట మళ్ళీ తెగింది 2022లో. అంతకుముందు 2017 నుంచి అయిదేళ్ళు అమెరికా డాలరు 101కీ 118కీ మధ్య, చాలా రోజులు 105కీ 115కీ మధ్య, బుద్ధిగా తిరిగింది. ఎదురు పందేనికి స్వర్గం! 2022 మార్చి నుంచి అమెరికా వడ్డీ పెంచుతూ పోయింది, ఏడాది చివరికి సున్నా దగ్గర్నుంచి 4 శాతం పైకి. జపాను మాత్రం మైనస్ 0.1 దగ్గరే ఉండిపోయింది. ఈసారి కారణం రోజూ పత్రికల్లో అచ్చవుతూనే ఉంది, రహస్యమేమీ లేదు. అయినా 120 దగ్గర, 130 దగ్గర, ఇక దిగక తప్పదని డాలర్లు అమ్మినవాళ్ళ గతి ఊహించుకోవచ్చు. సెప్టెంబరు 22న డాలరు 146కి చేరువైనప్పుడు జపాను ప్రభుత్వమే యెన్లు కొనడానికి దిగింది. 1998 తర్వాత అదే మొదటిసారి. అప్పటికి ధర దిగినట్టే దిగి, నెల తిరిగేసరికి 151 దాటింది. ప్రభుత్వం వేసిందీ ఎదురు పందెమే!

2024 జులై 3న ఆ డాలరు దాదాపు 162 యెన్లకి చేరింది. 1986 తర్వాత యెన్ అంత పలచబడింది ఆ రోజుల్లోనే. జులై 31న జపాను వడ్డీ పెంచింది. ఆగస్టు 5 నాటికి డాలరు 142కి కూలింది. నెలరోజుల్లో 20 యెన్లు, ఈసారి వెనక్కి.

ఆ జులై 3కి ఇంకో విశేషం కూడా ఉంది. జపాను కొత్త నోట్లు విడుదల చేసిన రోజది. అంతకుముందు ఇరవయ్యేళ్ళుగా అయిదువేల యెన్ల నోటు మీద ఉన్న బొమ్మ హిగుచి ఇచియో అనే రచయిత్రిది. చిన్న కొట్టు పెట్టుకుని, అప్పులు చేసి, ఇల్లు గడుపుతూ కథలు రాసింది. 1896లో క్షయతో పోయింది, 24 ఏళ్ళకే. కొత్త నోటు మీద త్సుదా ఉమెకో వచ్చింది, ఆడపిల్లలకి చదువు చెప్పిన మహాతల్లి. పాత నోట్లు చెల్లుతాయి కాబట్టి సొరుగుల్లో దాచుకున్నవాళ్ళకి తొందర లేదు. ఆ ఇచియో నోటు ఒక్కటి 2011 అక్టోబరు చివర, డాలరు 75 యెన్లున్నప్పుడు, పట్టుకెళ్ళి మార్చుకుంటే 66 డాలర్లు వచ్చేవి. అదే నోటుకి, అదే ఇచియోకి, 2024 జులై 3న 31 డాలర్లు వచ్చాయి.